చుక్కల్లో చుక్క: క్వేజార్‌ని గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: నా దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ (నేలమీద పెట్టి చేత్తో తిప్పే అద్దం టెలిస్కోప్, ముద్దుగా డాబ్) ఉందండీ. మెస్సియే లిస్టు (గెలాక్సీలు, నెబ్యులాలు, నక్షత్ర గుంపుల పాత జాబితా) దాదాపు అయిపోయింది, ఇప్పుడు 3సి 273 అనే క్వేజార్ (దూరపు గెలాక్సీ నడిమధ్య భారీ బ్లాక్‌హోల్ చుట్టూ విపరీతంగా వెలిగే భాగం) మీద పడ్డాను. ఎంత వెతికినా మామూలు చుక్కలే కనపడుతున్నాయి. ఫోటోల్లో దాన్నుంచి చిమ్మినట్టుండే జెట్ చూడాలంటే ఇంకా పెద్ద టెలిస్కోప్ కావాలా?

జవాబు: మీరు దాన్ని చూసేసే ఉంటారు, గుర్తుపట్టలేదంతే! క్వేజార్ ఐపీస్‌లో అచ్చం నక్షత్రంలాగే ఉంటుంది, మసక గానీ ఆకారం గానీ ఏమీ ఉండదు. జెట్ సంగతి మర్చిపోండి, అది కంటికి దొరికేది కాదు. ఇక్కడ పనంతా చార్ట్‌తోనే.

కన్యారాశిలో చిత్త నుంచి పొరిమా అనే నక్షత్రానికి, అక్కడినుంచి ఇంకా పడమరకి జానియా అనే నక్షత్రానికి రండి. జానియాకి ఈశాన్యంగా సుమారు మూడున్నర డిగ్రీల దూరంలో ఉంటుంది మనోడు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిది పదింటికి బాగా ఎత్తులో ఉంటుంది, వెన్నెల లేని రోజు చూసుకోండి. బ్రైట్‌నెస్ 13 మాగ్నిట్యూడ్‌కి అటూ ఇటూ (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు), కాబట్టి చీకటి ఆకాశంలో మీ 8 అంగుళాలు ధారాళంగా సరిపోతాయి, 6 అంగుళాలతో చూసినవాళ్ళూ ఉన్నారు.

ఏఏవీఎస్ఓ (వెలుగు మారే నక్షత్రాల్ని గమనించేవాళ్ళ అమెరికన్ సంఘం) వాళ్ళ సైట్‌లో దీని చార్ట్ ఉచితంగా దొరుకుతుంది. అందులో చుక్కల పక్కన 128 లాంటి అంకెలుంటాయి, అంటే 12.8 అని, పాయింట్ పెడితే దాన్నీ ఓ నక్షత్రం అనుకుంటారని తీసేస్తారు. డాబ్‌లో బొమ్మ తలకిందులు కాబట్టి చార్ట్‌ని తిప్పి పట్టుకుంటే చాలు, అదే స్టార్ డయాగనల్ (ఐపీస్ ముందు వెలుగుని పక్కకి మళ్ళించే అద్దం) పెట్టిన టెలిస్కోప్‌లో అయితే కుడిఎడమలు మారిపోతాయి, ఎంత తిప్పినా కలవదు, అద్దం బొమ్మలాంటి చార్టే ప్రింట్ తీసుకోవాలి (సగం మంది వదిలేసేది ఇక్కడే అని నా అనుమానం). ముందు తక్కువ పవర్‌లో చోటు పట్టుకుని తర్వాత 150 దాకా పెంచండి, వెనక ఆకాశం నల్లబడి చిన్న చుక్కలు బయటపడతాయి. సూటిగా కాకుండా కాస్త పక్కకి చూడండి. చుట్టూ ఉన్న చుక్కల అమరిక చార్ట్‌తో కలిసిందంటే దాదాపు 200 కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగు మీ కంట్లో పడ్డట్టే. ఇది కొద్దికొద్దిగా మారే రకం కూడా, పక్క నక్షత్రాలతో పోల్చి బ్రైట్‌నెస్ రాసుకుంటూ ఉంటే మంచి పని.

ప్రశ్న: అది నక్షత్రం కాదని మన కెమెరాతో ప్రూవ్ చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యొచ్చు, నన్నడిగితే కంటితో చూడటంకన్నా ఇదే మజా. వెలుగుని రంగులుగా విడదీసి స్పెక్ట్రమ్ చూపించే గ్రేటింగ్‌లు ఫిల్టర్‌లా బిగించేవి వస్తాయి, మిల్లీమీటరుకి 100 గీతలవి, 8 అంగుళాల టెలిస్కోప్‌కి ట్రాకింగ్ మౌంట్ (ఆకాశంతోపాటు టెలిస్కోప్‌ని తిప్పే స్టాండ్) ఉంటే చాలు, ఎక్కువసేపు ఎక్స్‌పోజర్లు తీసి కలపాలి. స్పెక్ట్రమ్‌లో హైడ్రోజన్ వాయువు గుర్తయిన బీటా గీత ల్యాబ్‌లో 4861 ఆంగ్‌స్ట్రామ్‌ల (వెలుగు తరంగదైర్ఘ్యం కొలిచే యూనిట్) దగ్గర ఉంటుంది, ఇక్కడ వెడల్పాటి గుట్టలా 5630 దగ్గర తేలుతుంది. తేడా 769, దాన్ని 4861తో భాగిస్తే 0.158, అదే రెడ్‌షిఫ్ట్, అంటే విశ్వం వ్యాకోచిస్తున్నందువల్ల గీత ఎరుపు వైపు జరిగిన కొలత. మన గెలాక్సీలోని నక్షత్రానికి ఇంత జరుగుడు ఉండదు, అదే మన ప్రూఫ్. 1963లో మార్టెన్ ష్మిట్ అనే ఖగోళ శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని పాలోమార్ 200 అంగుళాల టెలిస్కోప్ స్పెక్ట్రమ్‌లో పట్టుకున్నది ఇదే, అప్పటిదాకా ఆ గీతలు ఏ మూలకానివో ఎవరికీ అంతుపట్టలేదు. హైడ్రోజన్‌దే ఇంకో గీత, ఆల్ఫా, దాని కోసం మాత్రం ఆశపడొద్దు, అది జరిగి జరిగి 7600 దగ్గరికొస్తుంది, సరిగ్గా అక్కడే మన గాలిలోని ఆక్సిజన్ వెలుగుని మింగేస్తుంది.

ప్రశ్న: దీనికన్నా దూరంవి?

జవాబు: బోలెడు. లింక్స్ అనే నక్షత్రమండలంలో ఏపీఎమ్ 08279+5255 అనే క్వేజార్ ఉంది, 15 మాగ్నిట్యూడ్ పైచిలుకు, వెలుగు ప్రయాణం 1,200 కోట్ల ఏళ్ళు. మధ్యలో ఉన్న గెలాక్సీ లెన్స్‌లా పెంచబట్టే అంత బ్రైట్‌గా ఉంది. కంటికైతే 16 అంగుళాలు, అంతకు మించి కావాలి, కెమెరాకైతే మీ 8 అంగుళాలే చాలు.