పన్ను తీయించుకున్నా తగ్గని చెంప నొప్పి: నరం పరీక్షలో ఏం చూస్తారు?

ప్రశ్న: నా వయసు 56. మాది చిత్తూరు. ఏడాదిగా కుడి చెంపలో కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి వచ్చి క్షణాల్లో పోతోంది. ముఖం కడుక్కున్నా, పళ్లు తోముకున్నా, బస్సు కిటికీ గాలి తగిలినా మళ్లీ మొదలవుతుంది. రెండు పై దవడ పళ్లు తీయించుకున్నా ఫలితం లేదు. నమలలేక రాగిసంగటి మింగుతున్నాను. తిరుపతిలో న్యూరాలజిస్టు ముఖమంతా దూదితో, సూదితో తాకి, కంటికి దూది పోగు ఆనించి, గడ్డం మీద చిన్న సుత్తితో తట్టి, అన్నీ మామూలుగానే ఉన్నాయన్నారు. అయినా మాత్రలు రాసి ఎంఆర్ఐ తీయించమన్నారు. ఎందుకు? ఇది పక్షవాతమా?

జవాబు: మీ లక్షణాలు ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే నరాల నొప్పిని సూచిస్తున్నాయి. ఈ జబ్బులో పరీక్ష మామూలుగా ఉండటమే సహజం. స్పర్శ తగ్గినట్టు తేలితేనే మేం ఎక్కువ ఆందోళన పడతాం.

మెదడుకు సంబంధించిన 12 జతల కపాల నరాల్లో ట్రైజెమినల్ అయిదోది, అన్నిటికంటే పెద్దది. ఇది మూడు శాఖలవుతుంది. మొదటిది నుదురు, పై రెప్ప, కనుగుడ్డుల స్పర్శను, రెండోది చెంప, పై పెదవి, పై పళ్ల స్పర్శను, మూడోది గడ్డం, కింది పళ్లు, నాలుక ముందు భాగాల స్పర్శను మెదడుకు చేరవేస్తాయి. చెంపకూ పై పళ్లకూ శాఖ ఒకటే కావడం వల్ల నరంలో పుట్టిన నొప్పి పంటిలో పుట్టినట్టే అనిపిస్తుంది. మీలాగే పళ్లు పోగొట్టుకుని వచ్చేవారు తక్కువేమీ కాదు. ఎక్స్‌రేలో పంటికి స్పష్టమైన జబ్బు కనిపిస్తే తప్ప ఇకపై ఏ పన్నూ తీయించుకోకండి.

దూదితో, సూదితో మూడు శాఖల పరిధిలోనూ కుడి ఎడమలను పోల్చి చూస్తారు. చెవి కింద దవడ మూల మాత్రం మెడ నుంచి వచ్చే నరాల పరిధిలోది. అందువల్ల ట్రైజెమినల్ దెబ్బతిన్నా అక్కడ స్పర్శ నిలిచే ఉంటుంది. కంటి నల్లగుడ్డు అంచుకు దూది పోగు ఆనించగానే రెండు కళ్లూ మూసుకోవాలి. తాకిన కబురు మోసేది అయిదో నరం, రెప్ప వాల్చేది ఏడో నరం కనుక ఈ ఒక్క పరీక్షతో రెండు నరాల సంగతీ తెలుస్తుంది. నమిలే కండరాలను నడిపేది మూడో శాఖే కాబట్టి, పళ్లు బిగబట్టమని కణతలూ దవడలూ తడిమి, నోరు తెరవమని చూస్తారు. ఒక వైపు బలం తగ్గి ఉంటే కింది దవడ ఆ వైపుకే ఒరుగుతుంది. గడ్డం మీద వేలు పెట్టి సుత్తితో తట్టినప్పుడు దవడ మరీ బలంగా ఎగిరితే, లోపం నరంలో కాక మెదడులో ఇంకా పైభాగాన ఉందని అనుమానిస్తాం.

ఇవన్నీ నరం పనితీరును చెబుతాయే తప్ప దాని మొదలును ఏది ఒత్తుతోందో చెప్పలేవు. చాలామందిలో ఒక రక్తనాళం నరం మొదలుకు ఆనుకుని దాని పైపొరను అరగదీస్తుంది. అప్పుడు చిన్న స్పర్శ కూడా తీవ్రమైన నొప్పిగా మారుతుంది. కొద్దిమందిలో కణితి గానీ, మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే జబ్బు గానీ కారణమవుతుంది. ఎంఆర్ఐ తీయించమన్నది వీటిని తేల్చుకోవడానికే.

ఇది పక్షవాతం కాదు, దానికి దారితీయదు కూడా. మూతి వంకరపోవడం ఏడో నరానికి సంబంధించిన విషయం.

మాత్ర పేరు మీరు రాయలేదు. సాధారణంగా మొదట ఇచ్చేది కార్బమజెపిన్. మామూలు నొప్పి మాత్రలు ఈ జబ్బుకు దాదాపు పనిచేయవు. కార్బమజెపిన్‌తో మొదట్లో మగత, తల తిరగడం ఉండవచ్చు, వాటికి భయపడి మీ అంతట మీరు మానేయకండి. ఒంటి మీద దద్దుర్లు, నోటిలో పుండ్లు, జ్వరం వస్తే మాత్రం వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి. రక్తకణాల సంఖ్య, సోడియం పరీక్షలు డాక్టర్ చెప్పిన సమయానికి చేయించండి. మందులతో అదుపు కాకపోతే రక్తనాళాన్ని నరం నుంచి వేరుచేసే శస్త్రచికిత్స ఉంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ, న్యూరోసర్జరీ విభాగాలు రెండూ ఉన్నాయి. ఈలోగా చెంప మొద్దుబారినా, నొప్పి రెండో వైపుకు పాకినా, ఆ వైపు చెవి వినికిడి తగ్గినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.