టెక్ సందేహాలు: గట్టు మీద నాన్న ఫొటోలో ఎందుకు తప్పిపోయారు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాద్‌లో. సంక్రాంతికి ఇంటికి వెళ్లేసరికి దాళ్వా ఊడుపులు జరుగుతున్నాయి. నాన్నగారు రెండు చేతులతో నారు కట్టలు పట్టుకుని గట్టు మీద నడిచి వస్తుంటే ఫోనుతో ఫొటో తీశాను. పొగమంచు, మడిలో నీళ్లు, వెనక కొబ్బరిచెట్లు... కళ్లతో చూసినప్పుడు ఎంతో బాగుంది. ఫొటో మాత్రం పేలవంగా వచ్చింది. ఫొటోలు దిద్దే స్నాప్‌సీడ్ యాప్‌లో రంగులు పెంచితే ‘క్యాలెండర్ బొమ్మలా ఉంది’ అంటున్నారు. దీన్ని 12×18 అంగుళాల ఫ్రేమ్ కట్టించి నాన్నగారి షష్టిపూర్తికి ఇవ్వాలనుకుంటున్నాను. ఎక్కడ పొరపాటు చేశాను? (ఒక పాఠకురాలు)

జవాబు: మీరు పంపిన రెండు ఫొటోలనూ, అంటే ఫోను తీసినదాన్నీ మీరు మార్చినదాన్నీ, పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదే నయం. ఇది మిమ్మల్ని నొప్పించడానికి చెప్పడం లేదు. మొదటి ఫొటోలో ఉన్న లోపాలు రంగులవి కావు. రంగులు పెంచడంతో అవి పోకపోగా, కొత్త లోపాలు వచ్చి చేరాయి.

మొదటి ఫొటోను అసలేమీ తెలియనివాడిలా చూశాను. ముందు కన్ను కుడివైపు అంచున ఉన్న కరెంటు స్తంభం మీద పడింది. తర్వాత కింద ఎడమ మూలన సగం తెగిన మోటారు సైకిల్ చక్రం. దాని పక్కనే మీ ఫోను మోడల్ పేరు తెల్లటి అక్షరాల్లో! నాన్నగారు కనిపించింది నాలుగోసారి. అప్పటికీ ఆయన తల వెనకాలే ఒక కొబ్బరి మొవ్వు సరిగ్గా నెత్తిన పెట్టుకున్నట్టుగా వచ్చింది. ఆ గట్టు మీద మీరు నిలబడినప్పుడు మీ మనసు వీటన్నిటినీ పక్కకు నెట్టి నాన్నగారినే చూసింది. ఫోనుకు ఆయన ఎవరో తెలియదు కదా. స్తంభానికీ చక్రానికీ ఆయనకూ ఒకే పంక్తిలో విస్తరి వేసింది.

ఫైలు వివరాలు కూడా చూశాను. మీరూ చూడవచ్చు: గూగుల్ ఫొటోస్‌లో ఫొటో తెరిచి వేలితో పైకి జరిపితే వస్తాయి. తీసిన సమయం ఉదయం 8:52. వాడిన లెన్స్ అల్ట్రా వైడ్, అంటే కెమెరాలో 0.6 అని కనిపించే బటన్. ఈ రెండు వివరాల్లోనే సగం జవాబు ఉంది.

ముందు లెన్స్ సంగతి. ‘మొత్తం దృశ్యం పడాలి’ అన్న ఆశతో అందరం నొక్కే బటన్ అది. మొత్తం పడుతుంది, నిజమే. కానీ అన్నీ చిన్నవైపోతాయి. దూరంగా ఉన్న కొబ్బరితోపు పచ్చటి గీతలా, మనిషి చీమలా మిగులుతారు. అదే చోట నిలబడి 1 అని ఉన్న మామూలు లెన్స్ వాడితే నాన్నగారు సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా పెద్దగా కనిపించేవారు. ఇంకా మంచి దారి: మీరు గట్టు వెంట ఓ ఇరవై అడుగులు వెనక్కు వెళ్లి 2 గానీ 3 గానీ నొక్కడం. అప్పుడు మనిషితో పోలిస్తే వెనకనున్న చెట్లు పెద్దవిగా, దగ్గరగా జరిగినట్టు కనిపిస్తాయి. కోనసీమలో కొబ్బరిచెట్టుకు ఉండాల్సిన ఎత్తు ఫొటోలో రావాలంటే ఇదే మార్గం. అయితే ఫోనుకు ఆ జూమ్ లెన్స్ నిజంగా ఉందో, లేక నడిమి ముక్కను కత్తిరించి పెద్దది చేస్తున్నదో చూసుకోండి. 48, 50 మెగాపిక్సెళ్ల సెన్సర్ ఉన్న ఫోన్లలో 2 వరకు పెద్దగా నష్టం ఉండదు. 10, 20 జోలికి మాత్రం వెళ్లకండి.

ఇక సమయం. సంక్రాంతి రోజుల్లో మీ వైపు సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. 8:52కి ఎండ ముదిరింది, మంచు పలచబడింది. పైగా నీడలు పడిన తీరు చూస్తే సూర్యుడు మీ వీపు వెనక ఉన్నాడు. ‘వెలుగు వెనక ఉండాలి’ అని మనకు చిన్నప్పుడు ఫిలిం కెమెరా ఇచ్చిన ప్రతి మేనమామా నేర్పాడు. పెళ్లి గ్రూపు ఫొటోకు అది మంచి సలహాయే. పొలానికి మాత్రం సరిపడదు. వెనక నుంచి పడే వెలుగులో నీడలు వస్తువుల చాటుకు పోతాయి. అందుకే అన్నీ అట్టముక్కలు అతికించినట్టు చదునుగా కనిపిస్తాయి. అదే ఏడు గంటలకు, సూర్యుడు పక్క నుంచో కాస్త ఎదురుగానో ఉన్నప్పుడు తీసి ఉంటే, నారు ఆకుల గుండా వెలుగు దూరి అవి వాటంతటవే మెరిసేవి. మడిలో నీళ్లు తళుక్కుమనేవి. మంచు తెరలా నిలిచి చెట్లను ఒక్కో వరుసగా వెనక్కు జరిపేది. మీరు తర్వాత ఎడిటింగ్‌లో వెతుక్కున్నది ఈ వెలుగునే.

తల మీద కొబ్బరి మొవ్వు సంగతి చిన్నదే కానీ, తెలిస్తే జీవితాంతం పనికొస్తుంది. చదును నేల మీద మీ కెమెరా ఎంత ఎత్తులో ఉంటే, అంతే ఎత్తున్న వస్తువుల కొసలన్నీ దిగంత రేఖకు తగులుతాయి. మీరూ నాన్నగారూ ఇంచుమించు ఒకే ఎత్తు కాబట్టి, నిలబడి తీస్తే ఆయన తల సరిగ్గా చెట్ల మొదళ్ల గీత మీదకు వస్తుంది. మీరు గొంతుకూర్చుంటే ఆయన ఆ గీత దాటి పైకి లేస్తారు. కాలువ గట్టెక్కి తీస్తే నీళ్లలోకి, పచ్చటి నారులోకి దిగుతారు. రెండూ బాగుంటాయి. ఇక చెట్టు నెత్తిన రాకుండా ఉండాలంటే రెండడుగులు పక్కకు జరిగితే చాలు. నా అనుభవంలో మంచి పొలం ఫొటోలన్నీ తీసినవాడి ప్యాంటుకు బురద అంటించినవే.

సరే, సంక్రాంతి వెళ్లిపోయింది, ఫొటో ఇదే ఉంది. ఏం చేయవచ్చో చూద్దాం.

మీరు మార్చిన ఫొటోను పక్కన పడేసి అసలు ఫైలు నుంచే మళ్లీ మొదలుపెట్టండి. స్నాప్‌సీడ్‌లో ముందు ‘రొటేట్’. మీ దిగంతం కుడివైపుకు దాదాపు రెండు డిగ్రీలు ఒరిగింది. మడిలో నీళ్లు ఉన్నప్పుడు ఆ రెండు డిగ్రీలే నీళ్లు ఒలికిపోతున్నాయన్నంత ఇబ్బంది పెడతాయి.

తర్వాత ‘క్రాప్’. అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. ఫొటో పై సగమంతా తెల్లటి ఆకాశం. అందులో మేఘం లేదు, కొంగ లేదు. దాన్ని అంత ఉంచాల్సిన అవసరం ఏమిటి? నిష్పత్తిని 3:2గా ఎంచుకుని, కుడివైపు స్తంభం బయటికి పోయేలా, పైన ఆకాశం మూడో వంతే మిగిలేలా, కింద చక్రం చాలావరకు తెగిపోయేలా చట్రాన్ని జరపండి. అప్పుడు నాన్నగారు నడిమధ్య నుంచి కుడి మూడో వంతుకు వస్తారు. ఆయన నడుస్తున్నది ఎడమవైపు కాబట్టి ముందు నడవడానికి గట్టు మిగులుతుంది. మూడో వంతుల ఈ లెక్క ఫోను తెర మీద గళ్లలా కనిపిస్తుంది కాబట్టి కొత్త కాలపు వింత అనుకునేరు. 1797లోనే జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు పల్లె దృశ్యాలను గీయడం గురించి రాస్తూ, బొమ్మను సగం సగంగా కాకుండా రెండు పాళ్లు, ఒక పాలుగా విడదీయమన్నాడు. దాన్ని శాసనంలా పట్టుకోనక్కర్లేదు. నీళ్లలో చెట్ల నీడ అద్దంలా పడినప్పుడు దిగంతాన్ని మధ్యలో పెట్టినా చక్కగా ఉంటుంది. మీ ఫొటోలో అంత నీడ లేదు.

ఇప్పుడు ‘ట్యూన్ ఇమేజ్’. మీరు సాచురేషన్‌ను, అంటే రంగుల గాఢతను, 70 దాకా లాగారు. నారుపచ్చ కాస్తా ప్లాస్టిక్ బిందె పచ్చ అయింది. నిజమైన నారు రంగులో పసుపు పాలు ఎక్కువ. పైగా మంచులో ఏ రంగైనా వెలిసినట్టే ఉంటుంది. మంచునూ ముదురు రంగులనూ ఒకే ఫొటోలో కోరుకోవడం వేసవిలో చలి కోరుకోవడం లాంటిది. సాచురేషన్ సున్నా దగ్గరే వదిలేయండి, మరీ మనసు ఆగకపోతే 10. కాంట్రాస్ట్ 10 లేదా 15, వెచ్చదనం కోసం వార్మ్‌త్ కొద్దిగా. అంతే. ‘హెచ్‌డీఆర్ స్కేప్’ మీటను ముట్టుకోవద్దు. మీ రెండో ఫొటోలో కొబ్బరాకుల చుట్టూ దేవుడి పటంలో లాగా తెల్లటి వలయం వచ్చింది చూడండి, అది దాని చలవే.

ఆకాశాన్ని ఎందుకు నీలంగా మార్చలేకపోయానని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఫొటోలు మామూలుగా ఉండే జేపెగ్ ఫైలులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఒక్కోదానికీ 0 నుంచి 255 వరకు 256 మెట్లు ఉంటాయి. మీ ఆకాశంలో ఎక్కువ భాగం మూడు రంగులూ 255 దగ్గర ఆగిపోయాయి. అంటే అక్కడ ఫోను దాచిపెట్టిన వివరమేదీ లేదు. హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గిస్తే తెలుపు బూడిద రంగు అవుతుంది తప్ప మేఘం పుట్టదు. చీకటి భాగాల్లో కొంత వివరం మిగులుతుంది కాబట్టి వాటిని తర్వాత లేపుకోవచ్చు. అందుకే ఈసారి తీసేటప్పుడు తెర మీద ఆకాశాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగండి. ఫోటో కొంచెం చీకటిగా కనిపించినా భయపడకండి. మీ ఫోనులో రా ఫైలు, అంటే సెన్సర్ పట్టినదాన్ని జేపెగ్‌గా కుదించకుండా దాచే ఫైలు, తీసే వీలుంటే ఇంకా మంచిది. 12 బిట్ల రా ఫైలులో 256 మెట్లకు బదులు 4096 ఉంటాయి. అయితే సెన్సర్ దగ్గరే పూర్తిగా కాలిపోయిన ఆకాశాన్ని అదీ బతికించలేదు.

చివరగా ‘సెలెక్టివ్’. నాన్నగారి చొక్కా మీద ఒక చుక్క పెట్టండి. రెండు వేళ్లతో దాని పరిధిని ఆయన వరకే తగ్గించి వెలుగును 20 పెంచండి. ఎడమ మూలన మిగిలిన నేల మీద ఇంకో చుక్క పెట్టి అక్కడ 20 తగ్గించండి. ఇందులో మాయేమీ లేదు, నాటకంలో పాత్రధారి మీద దీపం తిప్పినట్టే. చక్రం ముక్క ఇంకా మిగిలితే ‘హీలింగ్’తో తుడిచేయండి. స్నాప్‌సీడ్ వెర్షన్‌ను బట్టి ఈ మీటల చోటు మారవచ్చు. సేవ్ చేసేటప్పుడు కాపీగా సేవ్ చేయండి, అసలు ఫైలు చెడిపోకూడదు.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఫోను తెరను ఒకసారి సరిచూసుకోండి. కళ్లకు హాయి కోసం పెట్టిన పసుపు తెర ఆపండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘వివిడ్’ ఉంటే ‘నేచురల్’కు మార్చండి. వెలుగును సగానికి తగ్గించండి. నేనొకసారి పూర్తి వెలుగులో ఎడిట్ చేసి, ప్రింటు నల్లగా వచ్చిందని స్టూడియో అతనితో వాదనకు దిగాను. అతను ఏమీ అనకుండా తన కంప్యూటర్‌లో నా ఫైలు తెరిచి చూపించాడు. అక్కడా నల్లగానే ఉంది. డబ్బులిచ్చి వచ్చేశాను.

ఫ్రేమ్ లెక్క: క్రాప్ చేశాక మీకు సుమారు 3000×2000 పిక్సెళ్లు మిగులుతాయి. 18 అంగుళాలకు పంచితే అంగుళానికి 167. చేతిలో పట్టుకుని చూసే ఫొటోకు 300 కావాలంటారు కానీ, గోడ మీద నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసేదానికి ఇది సరిపోతుంది. నన్నడిగితే 8×12 చేయించండి. అంగుళానికి 250 వస్తాయి, చుట్టూ వెడల్పాటి తెల్లటి అట్ట పెడితే ఫ్రేమ్ కూడా పెద్దదే అవుతుంది. కాగితం మెరిసేది కాకుండా మ్యాట్ అడగండి. మంచు ఉన్న ఫొటో మీద ట్యూబులైటు ప్రతిబింబం పడితే ఇంత శ్రమా వృథా.

ప్రశ్న: పొలం ఫొటోల్లో కరెంటు తీగలను ఏఐతో తుడిచేసి పోటీలకు పంపవచ్చా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ముందు ఆ పోటీ నిబంధనలు చదవండి. ప్రకృతి, వార్తా విభాగాల్లో సాధారణంగా దేన్నీ చేర్చకూడదు, తీసేయకూడదు. వెలుగు, రంగు, కత్తిరింపు వరకే అనుమతి. కొన్ని పోటీలు అసలు ఫైలు కూడా అడుగుతాయి, అప్పుడు ఇబ్బంది పడతారు. ఇంట్లో గోడకైతే మీ ఇష్టం. తీగలు ఆకాశానికి అడ్డంగా ఉంటే మ్యాజిక్ ఎరేజర్ లాంటివి శుభ్రంగా తీసేస్తాయి. చెట్ల కొమ్మల మీదుగా వెళ్తే మాత్రం ఆకులు కరిగిన మైనంలా అవుతాయి. ఇక నా మాట: మోటారుకు కరెంటు ఎప్పుడు వస్తుందా అని అర్ధరాత్రి లేచి చూసిన రైతు పొలంలో తీగలు ఉంటే తప్పేమిటి? ఆ తీగల మీద పాలపిట్ట వాలే దాకా ఆగి తీయండి.

ప్రశ్న: పొలాల ఫొటోల కోసం 200 మెగాపిక్సెళ్ల ఫోను కొనాలా? (ఒక పాఠకురాలు, నంద్యాల)

జవాబు: దానికోసమే అయితే వద్దు. ఆ ఫోన్లు మామూలుగా 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోయే ఇస్తాయి. పూర్తి 200లో తీస్తే మంచి ఎండలో వివరం కొంత పెరుగుతుంది, ఫైలు చాలా పెద్దదవుతుంది. అదే డబ్బుకు నిజమైన 3 రెట్ల జూమ్ లెన్స్ ఉన్న ఫోను దొరుకుతుందేమో చూడండి.

ప్రశ్న: ఊరి నుంచి తమ్ముడు పంపే పొలం ఫొటోలు వాట్సాప్‌లో మసకగా వస్తున్నాయి. ఇక్కడ ప్రింటు వేయిస్తే గళ్లు గళ్లుగా ఉన్నాయి. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: వాట్సాప్ ఫొటోను చిన్నది చేసి పంపుతుంది. హెచ్‌డీ మీట నొక్కినా పూర్తి ఫైలు రాదు. పిన్ను గుర్తు నొక్కి, గ్యాలరీ కాకుండా ‘డాక్యుమెంట్’ ఎంచుకుని పంపమనండి. అప్పుడు ఫోను తీసిన ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఫొటో ఎక్కడ తీశారో తెలిపే లొకేషన్ వివరాలు కూడా దాంతోపాటే వస్తాయి. ఇంట్లోవాళ్లకు పంపుకోవడానికి ఫరవాలేదు. అదే ఫైలును బయటివాళ్లకు ఇవ్వాల్సి వస్తే ముందు ఆ లొకేషన్ తీసేయండి.