జవాబు తేదీ ఉత్తరానికి ముందు ఎందుకు పడింది?

నమస్కారమండీ. లైడెన్‌లో 12 ఫిబ్రవరి 1743న ఒక వృక్షశాస్త్రజ్ఞుడు రాసిన ఉత్తరానికి లండన్ నుంచి వచ్చిన జవాబు మీద 27 ఫిబ్రవరి 1742 అని ఉందనీ, నకలు రాసినవారు పొరబడ్డారేమోననీ అడిగారు. పొరపాటేమీ లేదు; ఆ రెండు ఊళ్లవి వేర్వేరు క్యాలెండర్లు.

ఇంగ్లండ్ 1752 దాకా పాత జూలియన్ లెక్కనే పాటించింది. అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కనుక వారి ఫిబ్రవరి 1742 మనకు 1743 అవుతుంది. లైడెన్ ఉన్న హాలండ్ అప్పటికే మనం ఇప్పుడు వాడే గ్రెగోరియన్ లెక్కలో ఉంది, జూలియన్ లెక్క దానికి అప్పట్లో 11 రోజులు వెనక ఉండేది కాబట్టి, లండన్ తేదీకి 11 రోజులు కలిపితే మీ జవాబు 10 మార్చి 1743 నాటిదవుతుంది, అంటే ఉత్తరం రాసిన 26 రోజులకు. కొందరు జాగ్రత్తపరులు 1742/3 అని రెండూ వేసేవారు, పుణ్యాత్ములు.

స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఉప్సాలా నుంచి రాసిన ఉత్తరాలతో ఇంకో చిక్కు ఉంది. స్వీడన్ 1753 వరకు జూలియన్ లెక్కలోనే ఉన్నా, సంవత్సరాన్ని జనవరి 1నే మొదలుపెట్టేది.

లండన్ వర్తకుడు పీటర్ కాలిన్సన్, ఫిలడెల్ఫియా దగ్గర మొక్కలు సేకరించిన జాన్ బార్‌ట్రమ్‌ల ఉత్తరాల్లో మరో తేడా ఉంది: ఇద్దరూ క్వేకర్లు, అంటే ఒక క్రైస్తవ శాఖవారు. క్వేకర్లు నెలలకు పేర్లు కాక అంకెలు వాడేవారు. 1752కు ముందు వారి ‘1వ నెల’ మార్చి, ఆ తరువాత జనవరి. కనుక మీ ఉత్తరాల పట్టికలో మూలంలోని తేదీని ఉన్నదున్నట్టే ఉంచి, సవరించినదాన్ని పక్క గడిలో వేయండి.