ఏడేళ్ల పిల్లాడికి ఐక్యూ 133 వస్తే ఆ అంకెను ఎలా చదవాలి?

ప్రశ్న: "మా బాబుకి ఏడేళ్లు. సైకాలజిస్టు దగ్గర పరీక్ష చేయిస్తే ఐక్యూ 133 అన్నారు. జీనియస్ అనుకోవచ్చా? మేం ఇప్పుడు ఏం చేయాలి?"

ముందు రిపోర్టు తీసి ఏ పరీక్ష పెట్టారో చూడండి. పిల్లలకు ఈ పరీక్షలు పెట్టే పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను: పరీక్ష పేరు తెలియకపోతే 133 నుంచి ఏమీ తేల్చలేం.

మన దగ్గర తరచూ కనిపించేవి బినే-కామత్, మాలిన్స్ స్కేల్ (అందరూ మిసిక్ అంటారు), విస్క్-4 ఇండియా. బినే-కామత్‌లో లెక్క పాత పద్ధతి: మానసిక వయసును అసలు వయసుతో భాగించి 100తో హెచ్చిస్తారు. మీ బాబు వయసు 84 నెలలు, అతను 112 నెలల పిల్లల స్థాయి ప్రశ్నలు చేశాడంటే 133 వస్తుంది. విస్క్‌లో అలా కాదు. అదే వయసు పిల్లల సగటును 100గా, విస్తరణను (స్కోర్లు సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15గా పెట్టి, వాళ్లలో మీ బాబు స్థానం ఎక్కడో చెబుతారు. దాని ప్రకారం 133 అంటే వెయ్యి మందిలో పైన సుమారు 14 మందే ఉంటారు. కాటెల్ స్కేల్ అనే మరో ఐక్యూ పరీక్షలో విస్తరణ 24, అందుకే అక్కడి 148, విస్క్‌లోని 130 ఒకటే. ఇంటర్నెట్‌లో ఫలానా వాళ్లకు 160, ఫలానా వాళ్లకు 180 అని తిరిగే అంకెల పక్కన స్కేల్ పేరు ఉండదు. వాటితో పోల్చుకోకండి.

మిసిక్ అయితే ఇంకో చిక్కు ఉంది. అది 1949 నాటి అమెరికన్ విస్క్ నుంచి వచ్చింది, భారతీయ ప్రమాణాలు 1969 నాటివి. తరాలు మారేకొద్దీ ఈ పరీక్షల్లో పిల్లల స్కోర్లు పెరుగుతూ వస్తాయని జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1984లో అమెరికా లెక్కలతో చూపించాడు, పదేళ్లకు దాదాపు 3 పాయింట్లు. అంటే ఈనాటి పిల్లాణ్ని తాతల కాలపు పిల్లలతో పోలిస్తే అంకె ఉబ్బుతుంది. మిసిక్‌లో 133 వచ్చిన పిల్లాడికి కొత్త ప్రమాణాల మీద అంతకంటే తక్కువ రావడమే ఎక్కువగా జరుగుతుంది. అందువల్ల పిల్లాడు తెలివితక్కువ వాడు అయిపోడు, కొలబద్ద పాతదంతే.

తర్వాత పుట్టిన తేదీ, పరీక్ష తేదీ, లెక్కగట్టిన వయసు సరిచూడండి. స్కోరు పట్టికలు కొన్ని నెలలకు ఒకటి చొప్పున మారతాయి. స్కూల్లో వేసిన పుట్టిన తేదీ ఒకటి, అసలుది ఒకటి ఉన్న ఇళ్లు మనకు కొత్తేమీ కాదు. తప్పు తేదీతో వేస్తే తప్పు పట్టిక తెరుచుకుంటుంది. పక్కనే "95 శాతం నమ్మకపు పరిధి" ఉండాలి. మంచి పరీక్షలో కూడా అది ఇటు 6, అటు 6 దాకా ఉంటుంది కాబట్టి మీ అంకెను 127 నుంచి 139 మధ్య ఎక్కడో అని చదవాలి. ఈ పరిధి రాయని రిపోర్టయితే మళ్లీ అడిగి రాయించుకోండి.

అసలు విషయం లోపలి పేజీల్లో ఉంటుంది. విస్క్-4లో పది ఉపపరీక్షలు, నాలుగు ఇండెక్సులు: మాటలతో ఆలోచించడం, కళ్లతో చూసి తర్కించడం, వర్కింగ్ మెమరీ (విన్నదాన్ని కాసేపు మనసులో పెట్టుకుని దానితో పని చేయడం), ప్రాసెసింగ్ స్పీడ్ (తేలిక పనులు ఎంత వేగంగా చేస్తాడో). చురుకైన పిల్లల్లో మొదటి రెండూ 135-140 ఉండి, చివరిది 100 దగ్గర ఆగిపోవడం చాలా మామూలు. ఆ చివరిదాంట్లో ఒక ఉపపరీక్ష రెండు నిమిషాల్లో ఆకారాల్లో గుర్తులు వేసుకుంటూ పోవడం. ఏడేళ్లకు పెన్సిల్ పట్టు కుదరని పిల్లాడు, ప్రతి గీత తిన్నగా రావాలనుకునే పిల్లాడు అక్కడ వెనకబడతారు. అత్యధిక, అత్యల్ప ఇండెక్సుల మధ్య తేడా 23 పాయింట్లు దాటితే మొత్తం ఐక్యూ అన్న ఒక్క అంకెను పక్కన పెట్టి, మొదటి రెండు ఇండెక్సుల నుంచి తీసే జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ లెక్కించమని అడగాలి. ఇలాంటి పిల్లాణ్ని బడిలో "తెలివి ఉంది కానీ స్లో" అంటారు, ఇంట్లో వేగం కోసం అబాకస్‌లో చేరుస్తారు. అతనికి కావాల్సింది రాత పని తగ్గించడం, నోటితో జవాబు చెప్పనివ్వడం.

ఇంగ్లిష్‌లో పరీక్షించారా, తెలుగులోనా? ఇంట్లో తెలుగు, బడిలో రెండేళ్ల ఇంగ్లిష్ అయితే మాటల ఇండెక్స్ తెలివిని కాక ఇంగ్లిష్‌ని కొలిచి ఉంటుంది. అమెరికా నుంచి తిరిగొచ్చి ఇక్కడ తెలుగులో పరీక్ష రాసిన పిల్లలకు ఇదే తిరగబడుతుంది. ఇక ఉపపరీక్షల్లో 10 సగటు, 19 గరిష్ఠం. రెండు మూడు చోట్ల 18, 19 ఉంటే పిల్లాడు పరీక్ష పైకప్పును తాకాడు, అసలు ఎత్తు ఎంతో ఆ పరీక్ష చెప్పలేదు.

అక్కడ పనికొచ్చేది పై తరగతి పరీక్ష. 1971లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ అనే సైకాలజిస్టు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 12-13 ఏళ్ల పిల్లలకు కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీ లెక్కల పేపరు ఇచ్చాడు. సొంత తరగతి పరీక్షలో అందరికీ 98 వచ్చిన పిల్లలు ఇక్కడ విడివడి కనిపించారు. ఇంట్లో చేయాలంటే ఇలా చేయండి. రెండో తరగతి లెక్కల పుస్తకంలోంచి అన్ని పాఠాలూ కలిపి 20 లెక్కలు తీయండి. ముందు నేర్పకండి, గడియారం పెట్టకండి. 90 శాతం పైన చేస్తే మరో రోజు మూడో తరగతివి, తర్వాత నాలుగువి. సగానికి పడిపోయిన చోట ఆగండి. ఏ లెక్కలు తప్పాడో చూసి అవే నేర్పండి, వచ్చినవి మళ్లీ చేయించకండి. చాలామంది ఇక్కడే పొరపడి, ముందున్నాడు కదా అని అదే రకం లెక్కలు వంద ఇస్తారు. మన ఊళ్లలో చిన్న తరగతుల్లోనే మొదలయ్యే ఫౌండేషన్ బ్యాచ్‌లలో ఎక్కువ భాగం చేసేదీ అదే. త్వరగా పట్టుకునే పిల్లాడికి అంతకంటే విసుగు పుట్టించేది లేదు. డబుల్ ప్రమోషన్‌కి తొందరపడకండి. ముందు ఒక్క సబ్జెక్టు పై తరగతితో కూర్చోబెట్టమని బడిని అడగండి.

జీనియస్ మాటకొస్తే, అది చేసిన పనికి ఇచ్చే పేరు, పిల్లాడి రిపోర్టులో ఉండదు. 1921లో లూయిస్ టెర్మన్ అనే సైకాలజిస్టు కాలిఫోర్నియాలో 1,500 మందికి పైగా హెచ్చు ఐక్యూ పిల్లల్ని ఏరి జీవితాంతం గమనించాడు. చాలామంది బాగా స్థిరపడ్డారు, నోబెల్ మాత్రం ఒక్కరికీ రాలేదు. పరీక్షించి స్కోరు చాలదని వదిలేసిన ఇద్దరు, విలియం షాక్లీ 1956లో, లూయిస్ ఆల్వారెజ్ 1968లో, భౌతికశాస్త్ర నోబెల్ తీసుకున్నారు. రామానుజన్ లెక్కలు తప్ప మిగతా సబ్జెక్టులు పట్టించుకోక కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు, 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

రిపోర్టు చేతికి రాగానే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్, వేలిముద్రలతో తెలివి చెప్పే డీఎమ్‌ఐటీ వాళ్లు కూడా తగులుతారు. వేలిముద్రల గీతలు తల్లి కడుపులోనే ఏర్పడిపోతాయి, పిల్లాడికి ఏది అబ్బుతుందో వాటిలో రాసి లేదు. మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అంటూ కళ్లకు గంతలు కట్టి చదివించేవాళ్ల దగ్గర గడ్డం కింద ఒక అట్ట అడ్డం పెట్టండి. ముక్కు పక్క సందులోంచి చూపు పోవడం ఆగితే చదవడమూ ఆగుతుంది.

మళ్లీ పరీక్షిద్దామనుకుంటే కనీసం ఏడాది ఆగండి. అంతకంటే ముందే పెడితే, ముఖ్యంగా బ్లాకులతో చేసేవాటిలో, అలవాటు వల్లే అంకె పెరుగుతుంది. పదేళ్లకు తీసిన స్కోరు ఏడేళ్లకు తీసినదానికంటే నమ్మదగింది. అప్పుడు కొత్త ప్రమాణాలున్న పరీక్ష పెట్టమని ముందే అడిగి, ఇండెక్సులు, ఉపపరీక్షల స్కోర్లన్నీ రిపోర్టులో రాసి ఇమ్మనండి.