ఒకే మాత్ర, రెండు మోతాదులు

ప్రశ్న: మేము చెన్నైలో, పెరంబూరులో ఉంటున్నాము. ఈ ఏడాది బిడ్డ కోసం ప్రయత్నించాలని అనుకుంటున్నాము. మా వదిన 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకునేది. నేను చదివినచోట 400 మైక్రోగ్రాములు చాలని ఉంది. నెల్లూరు నుంచి అత్తయ్య కుంకుమపువ్వు పంపారు. వాట్సాప్‌లో రోజుకొక వీడియో వస్తోంది. ఏది నమ్మదగినదో తెలుసుకోవడం ఎలా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఈ సంగతి గర్భం రాకముందే అడిగారు, చాలా సంతోషం. గర్భం నిలిచిన 28 రోజుల్లోపే బిడ్డ మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం మూసుకుంటుంది. నెల తప్పిన సంగతి తేలేసరికే ఆ గడువులో సగం దాటిపోతుంది కనుక, ఆ నాళం సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను ముందునుంచే వేసుకోమంటారు.

మీరు విన్న రెండు మోతాదుల్లో ఏదీ అబద్ధం కాదు. అంతకుముందు వెన్ను లోపమున్న బిడ్డను మోసిన తల్లులపై ఏడు దేశాల్లో జరిపిన పరిశోధన 1991లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. రోజుకు 4 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని అందులో తేలింది. అటువంటి తల్లులకు, మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడేవారికి డాక్టర్లు 5 మిల్లీగ్రాముల వంటి పెద్ద మోతాదు రాస్తారు. మిగిలినవారు గర్భం కోసం ప్రయత్నం మొదలైన నాటి నుంచి పన్నెండో వారం వరకు రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్ట్రిప్ వెనక అక్షరాలు ఒకసారి చూడండి. వెయ్యి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము కనుక, 5 మిల్లీగ్రాముల మాత్ర ఆ 400కు పన్నెండున్నర రెట్లు.

ఒకరి నోటి నుంచి మరొకరికి చేరేటప్పుడు మోతాదు మిగులుతుంది కానీ, అది ఎవరి కోసం చెప్పినదో ఆ మాట జారిపోతుంది. ఏ సలహా విన్నా నేను మొదట వెతికేది ఆ మాటనే. ఆ తరువాత, చెప్పినవారు ఏ పరిశోధనను చూపుతున్నారు, ఎప్పటిది, చివరలో ఏదైనా పొడి గానీ డబ్బా గానీ కొనమంటున్నారా అన్నది చూస్తాను. కాక్రేన్ సంస్థ ఒక్క పరిశోధనతో సరిపెట్టుకోకుండా, ఒక విషయంపై జరిగినవన్నీ పోగుచేసి తూచి, సామాన్యులకు అర్థమయ్యే సారాంశాన్ని ఉచితంగా ఇస్తుంది. మన దేశపు స్త్రీవైద్య నిపుణుల సమాఖ్య ఫాగ్సీ సూచనలు కూడా చూడదగినవి.

కుంకుమపువ్వుతో బిడ్డ రంగు మారదు. అది తల్లిదండ్రుల జన్యువులను బట్టి వస్తుంది. అత్తయ్య ప్రేమగా పంపినది కనుక, రుచికోసం పాలలో రెండు రేకులు వేసుకుంటే తప్పులేదు.

డాక్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు థైరాయిడ్, మధుమేహం, మూర్ఛ వంటివాటికి మీరు వాడే ప్రతి మందు స్ట్రిప్పూ తీసుకెళ్లండి. రుబెల్లా టీకా వేయించుకోవలసి వస్తే, ఆ తరువాత నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి కనుక, ఆ సంగతి ముందే తేల్చుకోండి. ఆసుపత్రిలో ఇచ్చే కరపత్రం తమిళంలో ఉండి, మీకు మాట్లాడటమే తప్ప చదవడం రాకపోతే, మొహమాటపడకుండా నర్సమ్మను చదివి వినిపించమనండి. మీకూ 5 మిల్లీగ్రాములే రాస్తే, సొంతంగా మానేయకండి, “నాకు ఇంత ఎందుకండీ?” అని అక్కడే అడగండి.