ఐదో తరగతి నుంచి రెండో తరగతికి మార్చారు, పిల్లలకి ఇంగ్లీషు రాదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇన్నేళ్లూ ఐదో తరగతి చెప్పాక ఈ జూన్‌లో రెండో తరగతి ఇచ్చారని, పుస్తకం చూస్తే ఇంగ్లీషు మీడియం, పిల్లలకి ఒక్క ముక్క రాదని, టెన్షన్‌గా ఉందని రాశారు. నేనూ శ్రీకాకుళం జిల్లాలో ఎస్జీటీనే (ప్రాథమిక పాఠశాల టీచర్ని). నాకూ ఇలాగే మార్చారు. మొదటి నెల అన్నీ తప్పులే చేశాను.

అన్నిటికన్నా పెద్ద తప్పు, ఎక్కువ మాట్లాడటం. “పుస్తకం తీసి, పదో పేజీలో రెండో లెక్క చేసి, పక్కవాడికి చూపించండి” అంటే ఐదో తరగతి వాళ్లు చేసేస్తారు. వీళ్లు పుస్తకం తీసి ఊరుకున్నారు. ఒకడైతే ఊడిన పన్ను తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి, అదీ చేసి చూపిస్తూ.

ఇక ఇంగ్లీషు. ఒక్క ముక్క రాదన్నారు కదా, ఓసారి లెక్కపెట్టి చూడండి. మా వాళ్లకి తెలిసినవి అడిగి రాస్తూ పోతే బస్సు, ఆటో, ఛార్జరు, ప్లేటు, గ్లాసు, బిస్కెట్టు అంటూ బోర్డు నిండిపోయింది. చివర అచ్చు చేర్చి పలకడం మన భాష తీరు, దాన్ని తప్పని ఆపకండి. వాడు “బస్సు” అంటే నేను “అవును, బస్. రెడ్ బస్” అనేదాన్ని, అంతే.

అసలు చిక్కు ఇంకోటుంది. పుస్తకంలో ఇంగ్లీషు పేజీకి ఎదురు పేజీలో తెలుగు ఉంది కదా అని ధీమాగా ఉంటాం. ఇంట్లో “ఏటి”, “బేగి రా” అనే పిల్లకి “ఏమిటి”, “త్వరగా రా” కూడా కొత్తే. అందుకే పాఠం ముందు వాళ్ల మాటల్లో కథలా చెబుతాను, తర్వాత తెలుగు పేజీ, ఆ తర్వాత ఇంగ్లీషువి నాలుగు మాటలు. నాలుగే. వాటిని మధ్యాహ్న భోజనం దగ్గర వాడిస్తాను. గుడ్డు పెట్టే రోజు “ఎగ్ ప్లీజ్” అనని వాడు లేడు. (అనకపోయినా గుడ్డు పెట్టాల్సిందే, దాన్ని షరతు చేయకండి.)

మాట్లాడని పిల్లల గురించి ఒక మాట. ఇంతకుముందు సీతంపేట వైపు పనిచేసినప్పుడు కొండ మీది గూడెం నుంచి సవర అనే గిరిజన తెగ పాప ఒకతి వచ్చేది. దసరా దాకా నోరు విప్పలేదు. మొద్దు అనుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. చెప్పిన పనల్లా చేసేది మరి, అంటే వింటోంది. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొందరు నెలల తరబడి వినడంతోనే సరిపెడతారు. చివరికి నీళ్లని, అన్నాన్ని వాళ్ల సవర భాషలో ఏమంటారో నేనే పిల్లల్ని అడిగి పలకడం మొదలుపెట్టాను. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ పాప మొదటిసారి నోరు విప్పింది నన్ను దిద్దడానికే: “అలా కాదు టీచర్!” మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు కూడా సవరలకి చదువు చెప్పాలని ముందు తాను సవర నేర్చుకున్నారు. 1931లో ఆ భాష మీద ఆయన పుస్తకమే వచ్చింది. మనకి అంత అక్కర్లేదు, ఇరవై మాటలు చాలు.

సిలబస్ వెనకబడిందేమని కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లంతా కలిసే మీటింగు) అడుగుతారు. నన్నూ అడిగారు. సంక్రాంతి నాటికి చాలావరకు అందుకున్నాను, మొత్తం కాదు. మీకు ఒక సౌకర్యం ఉంది: ఐదో తరగతిలో భాగహారం దగ్గర ఎవరు ఎందుకు ఆగిపోతారో చూసి వచ్చారు. భాగహారం చేయాలంటే తీసివేత రావాలి కదా, అందుకే తీసివేతలో అప్పు తెచ్చుకోవడం దగ్గర మాత్రం తొందరపడకండి.