తాతగారి కసాగు, మనవడి గసాగు

ప్రశ్న: మాష్టారూ, మాది పర్లాకిమిడి. మా అబ్బాయి ఒడియా మీడియంలో ఆరో తరగతి చదువుతున్నాడు. 6కీ 8కీ గసాగు ఎంత అని వాడు అడిగితే మా నాన్నగారు 24 అని చెప్పారు. బళ్లో తప్పు కొట్టి 2 అని రాశారు. నాన్నగారు శ్రీకాకుళంలో తెలుగులో చదువుకున్నవారు, లెక్కల్లో దిట్ట. తప్పెవరిది? ఇంకొకటి. భిన్నంలో కిందుండే అంకెకి వాడి పుస్తకంలో ‘హర’ అని ఉంది. మనం ‘హారం’ అంటే, మెళ్లో వేసుకునేదా అని నవ్వుతున్నాడు. ఏది ఒప్పు?

జవాబు: గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. అక్కణ్ణించి భాషా సందేహం వస్తే ఒళ్లు దగ్గర పెట్టుకుని చెప్పాలి!

తప్పు తాతగారిదీ కాదు, బడి మాష్టారిదీ కాదమ్మా. ఒక్క అక్షరం చేసిన నిర్వాకం. మన పుస్తకాల్లో క.సా.గు. అంటే కనిష్ఠ సామాన్య గుణిజం. గుణిజమంటే గుణించగా పుట్టినది. ఆరో ఎక్కమూ ఎనిమిదో ఎక్కమూ మొట్టమొదట కలుసుకునేది 24 దగ్గర. దీన్ని ఒడియాలో ల.సా.గు. అంటారు, లఘిష్ఠ సాధారణ గుణితక. ఇంతవరకూ పేచీ లేదు. వాళ్ల గ.సా.గు. మాత్రం వేరు. అది గరిష్ఠ సాధారణ గుణనీయక. గుణనీయకమంటే మన కారణాంకం. 6నీ 8నీ శేషం మిగల్చకుండా భాగించే వాటిలో పెద్దది 2. మనం గ.సా.భా., అంటే గరిష్ఠ సామాన్య భాజకం, అనేది దీన్నే. ఒడియాలో గుణితకానికీ గుణనీయకానికీ చివర ‘గు’ ఒకటే కావడంతో వచ్చింది చిక్కు. మహారాష్ట్రలో సిరొంచ వైపు మరాఠీ బళ్లకి వెళ్లే మన పిల్లలకి కసాగుని లసావి అనీ, గసాభాని మసావి అనీ నేర్పుతారు. అక్కడ విభాజ్యమూ ‘వి’యే, విభాజకమూ ‘వి’యే.

మీ నాన్నగారి చెవిని నేను తప్పుపట్టను. కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. క పోయి గ, త పోయి ద రావడం మనకు ఉగ్గుపాలతో అబ్బిన అలవాటు. వ్యాకరణం దానికి గసడదవాదేశమని పేరు పెట్టింది. గసాగు అని వినపడగానే ఆయన మనసు దాన్ని కసాగు చేసేసుకుని ఉంటుంది. ఇది సూత్రం కాదు, నా ఊహ.

ఇక హర, హారం. రెండూ ఒప్పే. ‘హృ’ ధాతువుకి తీసుకుపోవడం, పంచడం అనే అర్థాలున్నాయి. భాగహారంలో ఉన్న హారం ఇదే. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో హారాలు సమానం చేసే పద్ధతి చెబుతూ ‘అన్యోన్యహారాభిహతౌ హరాంశౌ’ అన్నాడు. ఒకే పాదంలో ముందు హార, వెంటనే హర! ఛందస్సుకి ఏది కుదిరితే అది వేసుకున్నాడు. ఒడియావారు ఒకటి ఉంచుకున్నారు, మనం ఒకటి ఉంచుకున్నాం. ఆ శ్లోకంలోనే ఈ పద్ధతికి ‘సమచ్ఛేద’మని పేరుంది. మరాఠీవారు నేటికీ హారాన్ని ఛేదమనే అంటారు. పైనుండే లవం మనకూ ఒడియాకూ ఒకటే. లవమంటే కోసిన ముక్క. లవలేశమైనా లేదు అంటామే, ఆ లవం.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ‘హారాలు కలపాలి’ అని పిల్లవాడితో అనకండి. కలపడమంటే మనకు కూడడమే. మీ బడి భాషలో మిశాణ అన్నా అదే. అలా విన్న పిల్లవాడు అరకీ మూడో వంతుకీ పైవి పైన కూడి, కిందివి కింద కూడి 2/5 అని రాస్తాడు. అరకంటే తక్కువ! అర ముందే చేతిలో ఉంటే, ఇంకొంత చేర్చాక తగ్గుతుందా? ‘హారాలు సమానం చెయ్యి’ అనండి. సామాన్య హారమన్నా మంచిదే గాని, ‘ఉమ్మడి హారం’ నాకు ఇంకా ఇష్టం. ఉమ్మడి ఆస్తి తెలిసిన ఇంట్లో ఆ మాటకి వివరణ అక్కర్లేదు.

పాతకాలపు అంగట్లో ఈ బాధే లేదు. రూపాయిలో పదహారో వంతు వీసం. పావుకి నాలుగు వీసాలు, అరకి ఎనిమిది, ముప్పావుకి పన్నెండు. ముప్పావూ వీసమూ ఎంతంటే పదమూడు వీసాలు. వీసమే వాళ్ల ఉమ్మడి హారం, ఆ పేరు తెలియకపోయినా. రూపాయికి పదహారణాలు కాబట్టి వీసమంటే అణా. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాక ఆ లెక్క పోయి, ‘వీసమెత్తు’ అన్న మాట మిగిలింది. అయితే మూడో వంతు దగ్గర ఆ లెక్కా ఆగిపోయేది. పదహారు వీసాలు మూడు వాటాలుగా తెగవు కదా.

రేపు మీవాడికి 5/6 లోంచి 3/8 తీసేసే లెక్క వస్తుంది. భాస్కరుడి శ్లోకం రెండో సగంలో దీనికొక దగ్గరి దారి ఉంది. హారాలు రెంటినీ ముందు ఉమ్మడి కారణాంకంతో కుదించుకోమంటాడు. 6, 8లను 2తో కుదిస్తే 3, 4. ఇప్పుడు 5/6ని పైనా కిందా 4తో గుణిస్తే 20/24. 3/8ని 3తో గుణిస్తే 9/24. తీసేస్తే 11/24. తెలివిగలవాడు ఇలా చేస్తాడని ‘సుధీ’ అన్న మాట కూడా వేశాడు. బడి మాష్టారు రాసిన 2తో మొదలుపెడితే తాతగారు చెప్పిన 24 దగ్గర తేలింది లెక్క. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి చేయించండి.